ఇంటి ప్రయాణాల కార్బన్ లెక్క ఎట్ల తియ్యాలె, ఎక్కడ తగ్గించాలె: నల్గొండ, పాలమూరు దిక్కు వాళ్లకు పూర్తి గైడ్

పోయిన ఎండాకాలం నుంచి తెలిసినవాళ్లు ఒకటే అడుగుతున్నరు, అన్నా బస్సు మంచిదా బైక్ మంచిదా, ఎలక్ట్రిక్ స్కూటీ కొంటె నిజంగనే పొగ తగ్గుతదా, హైదరాబాద్‌కు కార్ల పోతే ఎంత కార్బన్ అయితది అని. ఒక్కొక్కళ్లకు ఫోన్ల చెప్పుడు అయితలేదు, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న. ఇది ఒక నెల పని. రోజుకు రెండు నిమిషాలు పడ్తది, అంతే.

మొదలు పెట్టేముందు ఒక్క మాట పట్టుకోండి (ఈ లెక్కల పొగ అన్నా, కార్బన్ అన్నా కంటికి కనపడని కార్బన్ డయాక్సైడే): పొగ బండిని బట్టి కాదు, కాలిన లీటర్లను బట్టి, సీట్ల ఉన్న మనుషులను బట్టి లెక్క. కింద చెప్పేదంతా ఈ రెండింటి మీదనే నడుస్తది.

## 1. ముందుగాల దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక చిన్న నోట్‌బుక్ (ఫోన్ల రాసుకున్నా సరే, కానీ ఇంట్ల అందరికీ కనపడేటట్టు ఫ్రిజ్ మీద పెట్టిన పుస్తకమే నా అనుభవంల ఎక్కువ రోజులు నడిచింది)
- ప్రతి బండికి ఒక పేజీ, బస్సు రైలు కలిపి ఒక పేజీ, ట్రాక్టర్ ఉంటే దానికి వేరే పేజీ
- మొదటి రోజు అన్ని బండ్ల మీటర్ రీడింగ్ ఫోటో
- బంకు రసీదులు పెట్టుకునేటందుకు ఒక కవరు
- టైర్ల గాలి ఎంత ఉండాలెనో రాసిన స్టిక్కర్ ఫోటో (బైక్‌కు చైన్ కవర్ మీదనో స్వింగ్ ఆర్మ్ మీదనో ఉంటది, కారుకు డ్రైవర్ డోర్ తీస్తే పక్కన కనపడ్తది)

పండుగ నెల, పెండ్లిళ్ల నెల పట్టుకోకండి. దసరాకో సంక్రాంతికో మొదలుపెడితే లెక్క పెద్దగ వస్తది, చూసి భయపడి వదిలేస్తరు. మామూలు నెల చూసి షురూ చెయ్యండి.

## 2. అసలు మైలేజ్ తెలుసుకునుడు

కంపెనీ చెప్పిన మైలేజ్, డిస్‌ప్లేల కనపడే మైలేజ్ రెండూ పక్కకు పెట్టండి. ట్యాంక్ నుంచి ట్యాంక్‌కు కొలవాలె.

1. బంకుకు పోయి బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి ఫుల్ కొట్టించండి, నాజిల్ దానంతట అది కట్ అయిన కాడ ఆపమని చెప్పండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో పది రూపాయలది పొయ్యనియ్యకండి.
2. మీటర్ రీడింగ్ రాసుకోండి.
3. కనీసం సగం ట్యాంక్ అయ్యేదాక మామూలుగ తిరగండి.
4. వీలైతే అదే బంకుల, అదే పంపుకాడ, మళ్ల కట్ అయ్యేదాక కొట్టించండి.
5. ఈ రెండోసారి పట్టిన లీటర్లతోని తిరిగిన కిలోమీటర్లను భాగించండి.

నా బైక్‌ది చెప్త. మొదటిసారి రీడింగ్ 41,236, రెండోసారి 41,612. అంటే 376 కిలోమీటర్లు. పట్టింది 8 లీటర్లు. 376ను 8తోని భాగిస్తే 47. కొన్నప్పుడు షోరూంల చెప్పింది 60 పైన.

కారు విషయంల మొదటి నెల నేను ఈ పని చెయ్యలే, ముందరి డిస్‌ప్లేల 18 అని చూపెడుతుంటే దాన్నే నమ్మిన. తర్వాత ట్యాంక్‌తోని కొలిస్తే 15 వచ్చింది. ఆ నెల కారు 640 కిలోమీటర్లు తిరిగింది, 18 లెక్కన 82 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని రాసుకున్న, అసలుది 99 కిలోలు. 17 కిలోల తేడా. అది చిన్నదేమీ కాదు, ఎందుకో 7వ నంబరుల చెప్త.

## 3. లీటర్లను కిలోలు చేసుడు

ఈ నాలుగు అంకెలు నోట్‌బుక్ మొదటి పేజీల రాసుకోండి:

- పెట్రోల్ 1 లీటరు: సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్
- డీజిల్ 1 లీటరు: సుమారు 2.7 కిలోలు
- సీఎన్‌జీ 1 కిలో: ఇంచుమించు 2.7 కిలోలు
- కరెంటు 1 యూనిట్: సుమారు 0.7 కిలో (మన దేశం గ్రిడ్ సగటు)

లీటరు పెట్రోల్ ముప్పావు కిలో కూడ తూగదు కద, 2.3 కిలోల పొగ ఎట్ల వస్తది అని ప్రతి ఒక్కళ్లూ అడుగుతరు. అడగాల్సిన ప్రశ్ననే. పెట్రోల్‌ల ఉన్న కార్బన్ 630 గ్రాముల దాక ఉంటది, అది కాలినప్పుడు గాలిల ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకుంటది, 12 గ్రాముల కార్బన్‌కు 32 గ్రాముల ఆక్సిజన్ కలిసి 44 గ్రాములు అయితది. ఆ లెక్కన 630 గ్రాములు 2.3 కిలోలు అయితయి. అంటే పొగ బరువుల ఎక్కువ భాగం మనం బంకుల కొన్నది కాదు, తొవ్వ పొడుగునా గాలి నుంచి గుంజుకున్నది.

ఇప్పుడు బంకులల్ల వచ్చే పెట్రోల్‌ల 20 శాతం దాక ఇథనాల్ ఉంటుంది కాబట్టి అంకె కొంచెం తగ్గాలె కద అనేవాళ్లున్నరు. నిజమే, కానీ మైలేజ్ కూడ కొంచెం తగ్గుతది. 2.3 పట్టుకొని పోండి, నెలనెలా పోల్చుకునేటందుకు ఒకటే అంకె వాడుడు ముఖ్యం.

## 4. మనుషులతోని భాగించుడు

అందరు తప్పు చేసేది ఇక్కడనే, కాబట్టి నిమ్మళంగ చూడండి.

నల్గొండ నుంచి హైదరాబాద్ 100 కిలోమీటర్లు అనుకుందాం. మహబూబ్‌నగర్ నుంచి కూడ అటుఇటుగ అంతే. ఒక్క దిక్కు పోవుడుకు, ఒక్క మనిషికి:

- పెట్రోల్ కారు (లీటరుకు 16), ఒక్కరే పోతే: 6.25 లీటర్లు, 14.4 కిలోలు
- అదే కార్ల నలుగురు పోతే: 3.6 కిలోలు
- ఎలక్ట్రిక్ కారు, ఒక్కరే పోతే: 15 యూనిట్ల దాక, 10.5 కిలోలు
- బైక్ (లీటరుకు 50), ఒక్కరు: 4.6 కిలోలు, ఇద్దరైతే 2.3
- ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, 40 మందితోని: 1.3 కిలోలు
- కరెంటు ఇంజన్ రైలు, నిండుగ ఉంటే: ఇది కూడ కిలో చుట్టుపక్కలనే

బస్సు లెక్క ఎట్ల వచ్చిందంటే, పెద్ద బస్సు లీటరుకు 5 కిలోమీటర్ల చుట్టుపక్కల ఇస్తది. 100 కిలోమీటర్లకు 20 లీటర్ల డీజిల్, 54 కిలోల పొగ. బస్సు వెనుకనుంచి చూస్తే ఎంత పొగ కొడుతుందో అనిపిస్తది, కానీ 40 మందికి పంచితే మనిషికి కిలోన్నర కూడ కాదు. అదే బస్సుల 15 మందే ఉంటే మనిషికి 3.6 కిలోలు, నలుగురు కూసున్న కారుతోని సమానం. అందుకే బస్సు మంచిదా కారు మంచిదా అంటే ముందుగాల ఎంతమంది అని అడగాలె.

మీ నోట్‌బుక్‌ల రాసేటప్పుడు బస్సుకు కిలోమీటరుకు 13 గ్రాములు, రైలుకు 11 గ్రాములు పట్టుకోండి. ఖాళీ బస్సుల పోయిన రోజు పక్కన చుక్క పెట్టుకొని రెట్టింపు ఎంచుకోండి.

డ్రాప్ ట్రిప్పులు కూడ గుర్తుపెట్టుకోవాలె. పిల్లగాన్ని కాలేజీల దింపి మళ్ల ఇంటికొస్తిరి, సాయంత్రం మళ్ల పోయి తెస్తిరి. పిల్లగాడు తిరిగింది రెండు సార్లు, బండి తిరిగింది నాలుగు సార్లు. ఆ నాలుగూ రాయాలె.

## 5. రోజు రాసుకునే పద్ధతి

రాత్రి అన్నం తిన్నంక రెండు నిమిషాలు. ఎవరు, ఎక్కడికి, దేని మీద, ఎన్ని కిలోమీటర్లు, బండిల ఎంతమంది. అంతే.

మా ఇంటామె రోజు నల్గొండ నుంచి నకిరేకల్ పోయి వస్తది, ఎక్స్‌ప్రెస్‌ల. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ కద, కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తడు. ఆ టికెట్లు టిఫిన్ బాక్స్ బ్యాగుల వేసుకొని వస్తది, వాటి మీద ఎక్కింది దిగింది ఉంటది కాబట్టి వేరే రాసుకునే పనే లేదు. కానీ ఒక్కటి, ఆ కాగితం మీద అక్షరాలు ఎండకు పోతయి, మే నెలల ఒక వారం బ్యాగుల ఉన్న టికెట్లు తీస్తే సగం తెల్లగ అయినయి. ఏ రోజుది ఆ రోజే రాసెయ్యండి.

ఇంకోటి, టికెట్ జీరో అయితే పొగ జీరో అనుకోకండి. పైసలు ప్రభుత్వం కడుతది, డీజిల్ మాత్రం కాలుతనే ఉంటది.

## 6. విమానం ఉంటే దానికి వేరే పేజీ

పాలమూరు దిక్కు నుంచి ముంబై, దుబాయ్ పోయేటోళ్లు మస్తుమంది, శంషాబాద్ కూడ దగ్గర. దేశంల తిరిగే విమానానికి ఎకానమీ సీటుకు కిలోమీటరుకు 80 నుంచి 100 గ్రాములు పట్టుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ గాలి తొవ్వల 1,250 కిలోమీటర్ల దాక ఉంటది, అంటే ఒక్క దిక్కుకే 100 కిలోల పైన. పని మీద తప్పదనుకుంటే తప్పదు, దాన్ని నెల లెక్కల కలపకండి, సంవత్సరం పేజీల రాయండి, లేకపోతే ఆ ఒక్క నెల మిగతా అన్నీ చిన్నగ కనపడి వాటి మీద ధ్యాస ఉండదు.

## 7. నెలాఖరుల కూడుకునుడు: మా ఇంటిది చూడండి

- నా బైక్: 750 కిలోమీటర్లు, 16 లీటర్లు, 37 కిలోలు
- కారు: 640 కిలోమీటర్లు, 43 లీటర్లు, 99 కిలోలు (అందుల హైదరాబాద్ రెండుసార్లు పోయి వచ్చినం, 400 కిలోమీటర్లు)
- ఇంటామె బస్సు: 24 రోజులు, 1,200 కిలోమీటర్లు, 16 కిలోలు

మొత్తం 152 కిలోలు.

ఈ మూడు లైన్లు చూసినంక నేను చానసేపు ఊకనే కూసున్న. ఇంట్ల అందరికంటె ఎక్కువ తిరిగేది ఆమె, నెలకు 1,200 కిలోమీటర్లు. ఆమెది 16 కిలోలు. కారు డిస్‌ప్లేను నమ్మి నేను తప్పు రాసుకున్న తేడానే 17 కిలోలు అని పైన చెప్పిన కద, అంటే నా లెక్కల తప్పు కంటె ఆమె నెలంత చేసిన ప్రయాణం తక్కువ. పొద్దున ఏడింటికి నిలబడి పోయే మనిషికి ఇంట్ల ఎవ్వరం లెక్క ఇయ్యలే అనిపించింది.

## 8. తగ్గించే వరుస (ఈ వరుస మార్చకండి)

మొదలు: పెద్ద లైన్ల పెద్ద ట్రిప్పు. మాకు అది హైదరాబాద్ కారు. పోను రాను 200 కిలోమీటర్లు, 31 కిలోల దాక పొగ, పోయేది ఇద్దరం. అదే ఇద్దరం బస్సుల పోతే 5 కిలోలు చిల్లర. ఒక్క ట్రిప్పుకు 25 కిలోలు మిగులుతయి, రెండింటికి 50. మొత్తంల మూడో వంతు ఒక్క దెబ్బకు పోయింది.

కార్ల ఎందుకు పోతున్నం అంటే సిటీల తిరుగుడుకు కష్టం అని. దానికి ముందుగ్గనే ప్లాన్ చెయ్యాలె. నల్గొండ బస్సు ఎక్కితే ఎల్‌బీ నగర్‌కాడ దిగి అక్కడనే మెట్రో ఎక్కొచ్చు, మియాపూర్ దాక ఒకటే లైన్. మహబూబ్‌నగర్ నుంచి పోయేటోళ్లు ఎంజీబీఎస్‌ల (హైదరాబాద్ పెద్ద బస్టాండు) దిగితే అక్కడ రెండు మెట్రో లైన్లు కలుస్తయి. ఇల్లు బయలుదేరకముందే దిగే స్టేషన్, అక్కడ్నుంచి నడకనా ఆటోనా రాసుకోండి. ఈ చివరి రెండు కిలోమీటర్ల కోసమే మనం 200 కిలోమీటర్లు కారు తోలుతున్నం.

తిరుపతి లాంటి దూరం పోవాల్నంటే రైలు ముందుగ చూడండి. నల్గొండ నుంచి గుంటూరు మీదికెళ్లి రైళ్లున్నయి, సికింద్రాబాద్ తిరుపతి వందే భారత్ కూడ నల్గొండల ఆగుతది. మహబూబ్‌నగర్‌ల కాచిగూడ యశ్వంత్‌పూర్ వందే భారత్ ఆగుతది. టికెట్ దొరకలే అని చివరికి కారు తీసేది మనం ఆలస్యంగ చూస్తం కాబట్టి, తేదీ అనుకున్న రోజే బుక్ చెయ్యండి.

రెండోది: ఖాళీ సీట్లు నింపుడు. ఒకే ఆఫీసుకు, ఒకే స్కూల్‌కు పోయేటోళ్లు వారం వంతులు వేసుకోండి. ఇద్దరు రెండు బైకుల మీద పోయేది ఒక బైకు మీద పోతే ఇద్దరిదీ సగం అయితది. హెల్మెట్ మాత్రం రెండూ పెట్టుకోండి.

మూడోది: చిన్న ట్రిప్పులు కలుపుడు. పాలకు ఒకసారి, కూరగాయలకు ఒకసారి, మందులకు ఒకసారి బండి తీస్తం. ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు మొదటి కిలోమీటర్లల్లనే ఎక్కువ తాగుతది. కిలోమీటరు లోపలైతే నడవండి, అంగడి రోజు అన్నీ ఒక్కసారే చేసుకోండి.

నాలుగోది: బండిని మంచిగ పెట్టుకునుడు. ఇది 9వ నంబరుల ఉంది.

ఆఖరుకు: బండి మార్చుడు. చానమంది ఇక్కడికెళ్లి మొదలుపెడ్తరు, నాకు అది సరికాదనిపిస్తది. లక్షలు పెట్టే పని అన్నిటికంటె ఎనుక.

## 9. బండి మెయింటెనెన్స్

- టైర్ల గాలి పొద్దున, బండి నడవకముందు చూడాలె. ఎండల తిరిగి వచ్చినంక కొలిస్తే ఎక్కువ చూపెడ్తది, సరిగ్గనే ఉందనుకొని వదిలేస్తం. పదిహేను రోజులకొకసారి తప్పకుండ.
- సెంటర్ స్టాండ్ వేసి వెనుక చక్రం చేత్తోని తిప్పండి. రెండు మూడు చుట్లు తిరిగి మెల్లగ ఆగాలె. వెంటనే ఆగితే బ్రేక్ పట్టుకుంటున్నట్టు లెక్క, లూజు చేయించండి. నా బండికి ఇదే ఉండె, 47 నుంచి 52కు వచ్చింది.
- చైన్ మీద దుమ్ము తుడిచి ఆయిల్ పెట్టండి. తుడవకుండ ఆయిల్ పోస్తే దుమ్ము పేస్ట్ లెక్క అయి ఇంకా పట్టేస్తది.
- వడ్ల కోతలప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఊర్లల్ల తిరిగేటోళ్లు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మాన్యువల్‌ల రాసిన గడువు దాక ఆగకండి.
- రైల్వే గేటుకాడ ఇంజన్ బంద్ చెయ్యండి. ఏసీ వేసి నిలబెట్టిన కారు గంటకు అర లీటరు పైననే తాగుతది.

మైలేజ్ 47 నుంచి 52కు పెరిగితే నెలకు 4 కిలోలు తగ్గినయి. మంచిదే, పైసలు కూడ మిగులుతయి. కానీ ఒక్క హైదరాబాద్ ట్రిప్పు బస్సుల పోతే మిగిలేది 25 కిలోలు, అందుకే దీన్ని నాలుగో వరుసల పెట్టిన.

## 10. ఎలక్ట్రిక్ బండి కొనాల్నా?

ఎలక్ట్రిక్ స్కూటీ 100 కిలోమీటర్లకు 3 నుంచి 4 యూనిట్లు తీసుకుంటది, గోడ సాకెట్ కాడ కొలిస్తే. అంటే రెండున్నర కిలోలు. పెట్రోల్ బైక్‌ది 4.6. తగ్గుతది కానీ సున్నా కాదు. సున్నా అని ఎవరన్న అంటే మిర్యాలగూడ అవతల దామరచర్ల దిక్కు చూడమనండి, యాదాద్రి థర్మల్ ప్లాంట్ మన జిల్లలనే ఉంది, 4,000 మెగావాట్లు, బొగ్గుతోని. సాగర్ల, శ్రీశైలంల, జూరాలల నీళ్లతోని కూడ కరెంటు వస్తది కానీ నీళ్లు ఉన్నన్ని రోజులే.

కొనేముందు చూడాల్సినవి:

1. రోజుకు 30 కిలోమీటర్ల పైన తిరుగుతున్నరా? రోజు నాలుగు కిలోమీటర్లు తిరిగే పాత బైక్‌ను అమ్మి కొత్తది కొంటె, ఆ కొత్తదాన్ని, దాని బ్యాటరీని తయారుచేసేటప్పుడు వచ్చిన పొగ తీరేటందుకే ఏండ్లు పడ్తది.
2. ఇంట్ల ఎర్తింగ్ సరిగ్గ ఉందా? ఎలక్ట్రీషియన్‌తోని చూపెట్టి 16 ఆంప్స్ సాకెట్ వేరేగ పెట్టించండి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుతోని చార్జింగ్ అస్సలు పెట్టకండి.
3. సోలార్ పెట్టే ఆలోచన ఉందా? కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల దాక వస్తది, స్కూటీకి అది ఎక్కువే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాక సబ్సిడీ ఉంది. సోలార్ ఉంటే చార్జింగ్ పగలే పెట్టండి.
4. ట్యాక్స్ మినహాయింపు: రాష్ట్రంల ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2024 నవంబర్‌ల ఇచ్చిన్రు, 2026 డిసెంబర్ 31 గడువు పెట్టిన్రు. కొనేరోజు షోరూంల బిల్లు మీద ఆ లైన్ చూసుకోండి.

## 11. వడ్లు, బత్తాయి మోసేటోళ్లకు

ఇక్కడ మనుషులకు బదులు క్వింటాళ్లతోని భాగించాలె. ట్రాక్టర్ ఒక ట్రిప్పుకు 4 లీటర్లు కాలిస్తే 10.8 కిలోలు. 40 క్వింటాళ్లు వేస్తే క్వింటాల్‌కు 270 గ్రాములు, 20 వేస్తే 540. పక్క మడి వాళ్లతోని మాట్లాడి ట్రాలీ నిండినంక కదిలించండి. కొనుగోలు సెంటర్‌కాడ కాంటా ఎప్పుడో ఫోన్ చేసి తెలుసుకున్నంకనే పోండి, లైన్ల ఇంజన్ ఆన్ చేసి నిలబెట్టకండి. వచ్చేటప్పుడు ఎరువు బస్తాలో ఇంకేమన్న సామానో ఉంటే అదే ట్రిప్పుల తెచ్చుకోండి.

## 12. ఎక్కువగ చేసే తప్పులు

"నాకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కద." ఆ టెస్టుల పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తరు, డీజిల్‌కు పొగ ఎంత నల్లగ ఉందో చూస్తరు. అది పక్కన నిలబడ్డ మనిషి ఊపిరికి సంబంధించింది, తప్పకుండ ఉండాలె. కానీ మీరు నెలకు ఎన్ని లీటర్లు కాల్చిన్రో దానికి తెల్వదు.

రూపాయలతోని పోల్చుడు. రేటు మారుతది, లీటరు మారదు. రసీదు మీద లీటర్లే చూడండి.

మొత్తం బస్సు పొగను మన ఖాతల వేసుకునుడు, లేకపోతే ఎట్లైనా పోయే బస్సే కద అని అస్సలు వేసుకోకపోవుడు. రెండూ తప్పే, మన వంతు 13 గ్రాములు వేసుకోవాలె.

ఒక్క వారం రాసి ఆపేసుడు. ఆపేసిన్రా, మీటర్ ఫోటోలు ఉన్నయి కద, నెలాఖరు రీడింగ్ తీసి మొత్తం కిలోమీటర్లు తెలుసుకోండి, బంకు రసీదులు కూడుకోండి. వివరం పోయినా మొత్తం దొరుకుతది.

## 13. నెల చివరి రోజు చెక్‌లిస్ట్

- అన్ని బండ్ల రీడింగ్ ఫోటో తీసిన్రా
- రసీదుల లీటర్లు కూడి 2.3తోని, 2.7తోని గుణించిన్రా
- బస్సు, రైలు కిలోమీటర్లు 13తోని, 11తోని గుణించి గ్రాములను కిలోలు చేసిన్రా
- అన్నిటికంటె పెద్ద లైన్ కింద గీత గీసిన్రా
- ఆ లైన్ల ఒక్క ట్రిప్పు పేరు, వచ్చే నెల దాన్ని దేని మీద పోతరో రాసిన్రా
- ఆ తేదీకి బస్సు టైమ్ గానీ రైలు టికెట్ గానీ ఇయ్యాలనే చూసిన్రా